బీట్‌లో ఎవరి పాట ఉంది?

ఇదివరకే రికార్డయిన పాటలోంచి ఒక ముక్క కోసి కొత్త సంగీతంలో వాడుకుంటే దాన్ని శాంపిల్ అంటారు. అది నాలుగు షెహనాయి స్వరాలు కావచ్చు, డప్పు దరువు కావచ్చు, గాయని తీసిన ఒక్క ఆలాపన కావచ్చు. గొంతు చేరకముందే తయారుచేసి పెట్టుకున్న వాద్య సంగీతం బీట్. బీట్ చేసినవారు దాన్ని గాయకులకు డబ్బు తీసుకుని ఇస్తారు. పలువురికి ఇస్తే లీజు, ఒక్కరికే రాసిస్తే ఎక్స్‌క్లూజివ్. లోపల ఎవరిదో శాంపిల్ ఉన్నప్పుడు ఆ బీట్‌ను ఇచ్చే హక్కు చేసినవారి చేతిలో పూర్తిగా ఉండదు. అందుకే శాంపిల్ ఉందని కొనేవారికి ముందే చెప్పాలి, దాని హక్కుదారుల దగ్గర అనుమతి తేవాలి. ఆ అనుమతినే క్లియరెన్స్ అంటారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పెళ్లి బరాత్ అయినా వినాయక నిమజ్జనమైనా డీజే పాట ఉండాల్సిందే. పాత సినిమా పాటకు తీన్మార్ దరువు, చటల్ బ్యాండ్ మోత కలిపి మిక్స్ చేయడం అక్కడి కుర్రాళ్లకు కొట్టినపిండి. ఆ చేత్తోనే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో బీట్ చేసి యూట్యూబ్ జానపద పాటకు అమ్మితే అది వేరే వ్యవహారం. ఊరేగింపులో మోగిన మిక్స్ ఆ రాత్రితో ముగుస్తుంది. అమ్మిన బీట్ మాత్రం మరొకరి పాటలో, మరొకరి చానెల్‌లో, మరొకరి సంపాదనలో ఉండిపోతుంది.

ఏ పాటకైనా హక్కులు రెండు పొరలుగా ఉంటాయి. రికార్డింగ్ ఒకటి, అది సాధారణంగా ఆడియో కంపెనీది. ఆ రికార్డింగ్‌లోని బాణీ, సాహిత్యం మరొకటి. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రికార్డింగ్‌కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, బాణీకి, సాహిత్యానికి కర్త మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు రక్షణ. 1957 నాటి ‘మాయాబజార్’ సినిమా పాటల రికార్డుల గడువు 2017తో తీరింది. కానీ పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో మరణించారు. ఆ లెక్కన పింగళి సాహిత్యానికి 2031 చివరిదాకా, ఘంటసాల బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉంటుంది. పాత పాట కనుక ఎవరూ అడగరన్న ధీమాకు చట్టంలో చోటులేదు.

రెండు సెకన్లయితే ఫర్వాలేదు, ఏడు సెకన్లయితే ఫర్వాలేదు అన్న ప్రచారమూ ఇలాంటిదే. మన చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ శాంపిల్ మీద నడిచిన కేసుతో శాంపిల్‌కు అనుమతి తప్పదన్న భయం పరిశ్రమకు పట్టుకుంది. 2005లో ఒక అప్పీలు కోర్టు, లైసెన్సు తీసుకోండి, లేదా శాంపిల్ చేయకండి అని తేల్చేసింది. 2016లో మడోన్నా ‘వోగ్’ కేసులో మరో అప్పీలు కోర్టు, పావు సెకనుకు తక్కువైన బూరల శబ్దం లెక్కలోకి రాదంది. అక్కడి కోర్టులకే ఏకాభిప్రాయం లేని చోట చిన్న బీట్ మేకర్ సెకన్లను నమ్ముకోవడం ప్రమాదం.

మన పాటలూ ఈ వివాదాల్లోకి వెళ్లాయి. ‘జ్యోతి’ (1981) సినిమాకు బప్పీ లహిరి చేసిన, లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో అమెరికా గాయని ట్రూత్ హర్ట్స్ పాట ‘అడిక్టివ్’లో అనుమతి లేకుండా వాడారు. లహిరి పేరు వేయకుండా ఆ పాట ఉన్న ఆల్బమ్ అమ్మరాదని 2003లో అమెరికా కోర్టు ఆదేశించింది. తెలుగు నిర్మాతలకు దగ్గరి ఉదాహరణ 2025 నాటిది. హైదరాబాద్‌కు చెందిన మైత్రీ మూవీ మేకర్స్ తీసిన తమిళ చిత్రం ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో తన పాటలు వాడారని ఇళయరాజా మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. హక్కులున్న కంపెనీల దగ్గర అనుమతి తీసుకున్నామని నిర్మాతలు చెప్పినా, ఆ పాటలు వాడరాదని సెప్టెంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఒకరి సంతకంతో పని అయిపోయిందనుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

సూర్యాపేట ప్రాంతంలో అసలు చిక్కు జానపదంతో. జానపదం అనగానే ఎవరిదీ కాదనుకుంటారు. నిజంగా పేరు తెలియని తరాల పాటకు కాపీరైట్ ఉండదు. కానీ పల్లె గొంతుల్లో నలిగిన ప్రతి పాటా అలాంటిది కాదు. ‘పల్లెటూరి పిల్లగాడా’ రాసింది ఉమ్మడి నల్గొండ జిల్లా కవి సుద్దాల హనుమంతు. ఆయన 1982లో కన్నుమూశారు. ఆ సాహిత్యానికి 2042 దాకా రక్షణ ఉంటుంది. కర్త తెలియని పాటైనా, దాన్ని ఫలానా చానెల్ రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ ఆ చానెల్‌ది. కోసుకునేది పాటను కాదు, ఆ రికార్డింగ్‌ను. ‘లవ్ స్టోరీ’ (2021)లోని ‘సారంగదరియా’ విషయంలో, దాన్ని సేకరించింది తానని ఒక జానపద గాయని ముందుకొచ్చాక వాదోపవాదాలు నడిచాయి. చట్టం సంగతి ఎలా ఉన్నా, పాటను మోసుకొచ్చినవారి పేరు చెప్పడం కనీస ధర్మం.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. అక్కడి భేరీల మోతను సొంత మైకుతో రికార్డు చేసుకుంటే రికార్డింగ్ బీట్ మేకర్‌దే. అయినా వాయించినవారికి ప్రదర్శకులుగా 50 ఏళ్ల హక్కు ఉంటుంది. కాగితం మీద ఒప్పుకోలు, చేతికి తగిన డబ్బు రెండూ ఉండాలి.

శాంపిల్ బదులు అదే బాణీని తిరిగి వాయిస్తే రికార్డింగ్ హక్కు అడ్డురాదు, బాణీ హక్కు మాత్రం అలాగే ఉంటుంది. కవర్ పాటలకు చట్టంలో ఒక దారి ఉన్నా, అసలు పాట వచ్చి ఐదేళ్లు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి, అవసరానికి మించి మార్చకూడదు. బీట్ అంటేనే మార్చడం కనుక ఆ దారి ఇక్కడ పనికిరాదు.

కొనేవారికి ఇవ్వాల్సిన వివరం పెద్ద పత్రం కానక్కర్లేదు. ఏ పాట, ఏ సినిమా, ఏ కంపెనీ, బీట్‌లో ఎన్నో సెకను దగ్గర ఉంది, వేగం మార్చారా, తిరగేశారా, అనుమతి వచ్చిందా లేదా అన్నది రాస్తే చాలు. స్ప్లైస్ వంటి వెబ్‌సైట్లలో దొరికే రాయల్టీ ఫ్రీ లూపులైనా (మళ్లీ మళ్లీ మోగించుకునే ముక్కలు) ప్యాక్ పేరు, లైసెన్సు, దించుకున్న తేదీ రాసుకోవాలి. అదే లూపు వేలమంది దగ్గర ఉంటుంది కనుక, ఆ బీట్‌తో చేసిన పాటను, ఎవరి పాట ఎక్కడ వాడారో పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేస్తే లేనిపోని క్లెయిములు పుట్టుకొస్తాయి.

అనుమతి కోసం సరెగమ, ఆదిత్య, లహరి వంటి కంపెనీల్లో ఆ రికార్డింగ్ ఎవరిదో తేల్చుకుని, శాంపిల్ నిడివి, వాడే తీరు, పాట వెళ్లే వేదికలు చెబుతూ డెమోతో రాయాలి. బాణీ, సాహిత్యాల హక్కు ఎవరి దగ్గరుందో విడిగా అడగాలి. అనుమతి రాతలోనే ఉండాలి. అందులో గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లుగానే చూస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. దుబాయ్‌లోనో డాలస్‌లోనో వినబడే యూట్యూబ్ పాటకు ‘ప్రపంచమంతటా’ అన్న మాట రాయించుకోవడం తప్పనిసరి.

చెప్పకుండా అమ్మిన బీట్ మీద ఫిర్యాదు వస్తే ముందు దెబ్బ తినేది కొన్నవారు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే చానెలే పోవచ్చు. అదే బీట్‌ను పదిమంది లీజుకు తీసుకుని ఉంటే పదిమందికీ అదే ముప్పు. అందుకే ఒప్పందంలో శాంపిల్స్ గురించి అమ్మినవారి హామీ, నష్టం వస్తే ఎవరు భరించాలన్న షరతు స్పష్టంగా ఉండాలి. అనుమతి దొరకనప్పుడు ఆ ముక్క తీసేసి కొత్తగా వాయించినది పెట్టాలి, అమ్మకానికి ఉంచిన పాత ఫైలు తొలగించాలి, అప్పటికే కొన్న ప్రతి ఒక్కరికీ మార్చిన ఫైలు పంపాలి.