ముక్కు దిబ్బడ

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చలి ఉండగానే మిరప కోతలు మొదలవుతాయి. జలుబులూ అప్పుడే.

జలుబు చేస్తే ముక్కు ఎందుకు దిబ్బడ వేస్తుంది? చీమిడి ఒక్కటే కారణం కాదు. వైరస్ అనే క్రిమి సోకి ముక్కు లోపలి పొర వాస్తుంది. గాలి దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా దిబ్బడ వదలదు. మిరప ఘాటు తగిలితే ఇంకా పెరుగుతుంది.

పెద్దవాళ్లు ఆవిరి పడితే కాస్త హాయి. పసిబిడ్డకు పట్టకూడదు. ఒళ్లు కాలుతుంది.

చంటిబిడ్డ ముక్కుతోనే గాలి పీలుస్తుంది. ముక్కు మూసుకుంటే పాలు తాగలేదు. గ్లాసు నీళ్లు కాచి చల్లార్చి, పావు చెంచా ఉప్పు కలపండి. కోతకు వెళ్లొచ్చిన చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. పాలిచ్చే ముందు బిడ్డ ముక్కులో రెండేసి చుక్కలు వేయండి. మెత్తటి గుడ్డతో తుడవండి.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా అది ఉత్తి జలుబు కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.