ప్రవాసుల పక్షమున నొక వనిత

2024వ సంవత్సరము మే 13వ తేదీన ఆత్మకూరులో వోటు వేసి మరలుచుండగా మా పొరుగింటి యిల్లాలు, "అమ్మా, మా ఆయన దుబాయిలో నున్నాడు గదా, ఆయన వోటు నేను వేయరాదా?" అని యడిగినది. రాదనుటకు మాకు నోరాడలేదు. 2010లో జరిగిన చట్టసవరణ వలన పరదేశమందున్న మనవారు వోటరుగా పేరు వ్రాయించుకొనవచ్చును గాని, పోలింగు దినమున స్వయముగా స్వగ్రామమునకు రావలెను. కూలికి పోయినవాడు వోటు కొఱకు విమానమెక్కునా? తనకు మాఱుగా నింకొకరిచే వోటు వేయించుకొను బిల్లు 2018లో లోకసభలో నెగ్గియు, రాజ్యసభ దాటకయే మఱుసటి యేడు మురిగిపోయినది.

ఫ్రాన్సు దేశమున నీ సంగతి వేఱు. 2008లో వారు తమ రాజ్యాంగమును సవరించి, పరదేశముల నున్న తమ పౌరులకు శాసనసభలో 11 స్థానములు కేటాయించిరి. 2012లో మొదటిసారి వానికి ఎన్నికలు జరిగెను. ఉత్తర ఐరోపా స్థానమునుండి గెలిచిన శ్రీమతి ఆక్సెల్ లెమేర్ కథ మన సోదరీమణులు వినదగినది.

ఈమె 1974లో కెనడా రాజధాని యైన అట్టావాలో జన్మించెను. తల్లి ఫ్రెంచి వనిత, తండ్రి క్విబెక్కువాడు. కావున నామెకు రెండు దేశముల పౌరసత్వమును గలదు. యుక్తవయస్సున ఫ్రాన్సు చేరి న్యాయశాస్త్రము చదివి, పిదప లండనులో కాపురముండి, అచటి పార్లమెంటు సభ్యునొకని కడ పరిశోధకురాలుగా పనిచేసెను. పుట్టినది యొకచోట, చదివినది వేఱొకచోట, కాపురము మఱియొకచోట. వలసపోయినవారి కష్టము ఆమెకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. బ్రిటను, ఐర్లండు మొదలు ఐస్లండు, లిథువేనియాల వఱకు 10 దేశములలోని ఫ్రెంచివారికి ఆమె యొక్కతెయే ప్రతినిధి. ఆ యెన్నికలో ఇంటనే యుండి ఇంటర్నెట్టు ద్వారా వోటు వేయు వీలుండెను.

2014 ఏప్రిలులో ఆమె డిజిటల్ వ్యవహారముల సహాయమంత్రిణి యయ్యెను. ఆ దేశమున మంత్రి యైనవారు సభ్యత్వమును విడువవలెను; కావున ఆ స్థానము ఆమె ప్రత్యామ్నాయ సభ్యునికి చెందినది. 2015లో తన చట్టపు ముసాయిదాను ఇంటర్నెట్టులో నుంచి, ప్రజలే దిద్దుడని కోరెను. 20,000కు పైగా జనులు పాల్గొనిరి. చట్టము 2016 అక్టోబరులో అమలునకు వచ్చెను. మఱుసటి యేట ఆమె మంత్రిపదవి విడిచి తన పాత స్థానమునకే పోటీచేసి యోడిపోయెను. సైబరు దాడుల భయముచే ఆ యేడు ఇంటర్నెట్టు వోటును నిలిపివేసియుండిరి.

ఇట్టి ప్రతినిధి మనకుండరాదా యందురా? మన చట్టము రెండు పౌరసత్వముల నంగీకరింపదు. 1962లో ఫ్రెంచి యేలుబడినుండి యానాము, పుదుచ్చేరి శాస్త్రోక్తముగా మనకు సంక్రమించినపుడు, ఫ్రెంచి పౌరులుగానే యుండగోరువారు ఆఱు నెలలలో వ్రాసి యియ్యవలసి వచ్చెను. ఆ కుటుంబములవారు నేటికిని పుదుచ్చేరిలో నుండి ఫ్రాన్సు ఎన్నికలలో వోటు వేయుచున్నారు! గల్ఫుకు పోయిన మన పాలమూరువాడు భారతపౌరుడే. అతనికి రెండవ పౌరసత్వము నక్కఱలేదు. వోటు చేతికందు దారియే కావలెను.

పొరుగింటి యిల్లాలికి ఇదంతయు చెప్పితిమి. "పది దేశములకు ఒక్కతె యైనను ఉన్నది గదా, మా దుబాయికి ఎవరున్నారమ్మా?" అనినది.