మేజోళ్లు తొడిగే వేళ ఒక మాట

ఇంటికొచ్చే నర్సుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారానికి పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి. నర్సులను పంపే బ్యూరోలు, రేట్లు, డ్యూటీ వేళలు అన్నీ పోగేశాను. వాటి మధ్య నన్ను పట్టుకున్నది మాత్రం ఒక పరిశోధనా పద్ధతి తాలూకు నియమావళి.

ఇటలీలోని వెరోనా పేరుతో 2011లో ప్రచురితమైంది. రోగి మాటలో దాగిన బాధనూ దానికి వచ్చిన జవాబునూ నమోదు చేస్తుంది. నార్వే, స్వీడన్ పరిశోధకులు దాన్ని వృద్ధుల ఇళ్లకు తీసుకెళ్లారు. నర్సులకు రికార్డర్లు ఇచ్చి, ఒక్క నార్వేలోనే 195 సందర్శనల సంభాషణలు విన్నారు.

"భయంగా ఉంది" అంటే బాధ బయటపడినట్టే. "రాత్రుళ్లు తెల్లారవు" అని ఊరుకుంటే అది సూచన. పెద్దవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది ఈ రెండోదే. ఆ మాట పడేసరికి నర్సు వాచిన కాలికి బిగుతు మేజోడు ఎక్కిస్తూ ఉంటుంది. ఊకొట్టిందా, చెయ్యి ఆపి మౌనంగా ఉందా, "అప్పుడేం ఆలోచిస్తుంటారు?" అని అడిగిందా, అవన్నీ ఆ బాధ చెప్పుకోవడానికి చోటిచ్చిన జవాబులు. "రెండో కాలు ఇటివ్వండి" అందా, చోటు తగ్గినట్టు. "ఏం ఫర్వాలేదండీ, నిద్రమాత్ర సంగతి డాక్టరుగారికి చెబుతాను" అన్నా ఈ రెండో వరుసే! ధైర్యం చెప్పడమూ ఇందులోకే వస్తుందన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎంతో ప్రేమగా అన్న మాటతోనే ఆ పెద్దాయన చెప్పబోయింది గొంతులో ఉండిపోతుంది.

చోటు తగ్గించడం తప్పని నియమావళి అనదు. పుండుకు కట్టు మారుస్తున్నప్పుడు మాట తుంచాల్సే వస్తుంది. నా అనుమానం వేరే. భుజం మీద వేసిన చెయ్యి రికార్డరుకు వినిపించదు. నర్సు జవాబులో సగం అదే కావచ్చు.

ఇంటికెళ్లే నర్సింగ్ చరిత్ర క్లుప్తంగా: 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ పేదల ఇళ్లకు నర్సును పంపడం మొదలుపెట్టాడు. నార్వేలో 1984 నుంచి ఇది స్థానిక పురపాలికల బాధ్యత. అక్కడ ఇంటి నర్సింగ్‌కు రుసుము లేదు.

మన దగ్గర పిల్లలు డాలస్‌లో, అమ్మ కూకట్‌పల్లిలో. బ్యూరో పంపిన అమ్మాయి బీపీ, షుగరు, మాత్రలు కాగితం మీద రాసి ఫొటో పంపుతుంది. కొడుకు వీడియో కాల్‌లో ఆ అంకెలే అడుగుతాడు. రాత్రి ఆవిడ ఏమన్నదో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ఒకటి గీయడానికి ఖర్చేమీ కాదు. బ్యూరోలు వెంటనే గీయాలని గట్టిగా కోరుతున్నాను.

బాక్స్: వాళ్ల దిగుళ్లు
నార్వే రికార్డింగుల్లోని దిగుళ్లను పరిశోధకులు నాలుగు కుప్పలు పోశారు: అయినవాళ్లతో సంబంధాలు, వైద్యం-సంరక్షణ, ముసలితనం-సడలే ఒళ్లు, గడిచిన బతుకు కథలు-విలువలు. మందుల జాబితాలో నాలుగోదానికి మందు లేదు. దానికి వినేవాళ్లు కావాలి, కూర్చునే వేళ కావాలి.