చీకటి రాకముందే దీపం

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. వాటితోపాటే కరెంటు స్తంభాలూ ఒరిగిపోయాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఎటు చూసినా చీకటే. కరెంటు లేక మోటారు తిరగలేదు. మోటారు తిరగక నీళ్లు రాలేదు. ఊరుగాని ఊళ్లో ఉన్న కొడుకుకి ‘మేం బాగానే ఉన్నాం’ అని ఒక్కమాట చెబుదామంటే సెల్‌ఫోన్లో ఛార్జింగ్ లేదు!

ఈ తీరానికి తుపాన్లు కొత్త కాదు. అంతకు అయిదేళ్ల ముందు, 2013లో ఫైలిన్ ఇదే అక్టోబరులో వచ్చింది. అదీగాక ఇది కిడ్నీ జబ్బు కుదిపేసిన ప్రాంతం. డయాలసిస్ కోసం పలాసకో, సోంపేటకో పోవాల్సిన మనిషి ఇంట్లో ఉంటే రాత్రిపూట ఓ దీపం, మాట్లాడటానికి ఓ ఫోనూ విలాసం కాదు, అవసరం. ఆ రెండింటికీ పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. ఓ చిన్న సోలార్ పలక, బ్యాటరీ, ఛార్జ్ కంట్రోలర్, రెండుమూడు ఎల్‌ఈడీ బల్బులు... అంతే.

ఆ సోలార్ వేరు, ఈ సోలార్ వేరు

‘మా డాబా మీద సోలార్ ఉందిగా, మాకేం’ అనుకుంటే పొరపాటే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో గరిష్ఠంగా 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. బిల్లు తగ్గుతుంది. కానీ అలా అమర్చే పలకలు సాధారణంగా కరెంటు లైనుతో కలిసి పనిచేస్తాయి. లైను ఆగిందా, ఎంత ఎండ కాస్తున్నా ఇన్వర్టరూ ఆగిపోతుంది. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా పెట్టిన జాగ్రత్త అది. తుపాను రాత్రి దీపం వెలగాలంటే బ్యాటరీ ఉండాల్సిందే.

లెక్క ఇలా...

అయిదు వాట్ల బల్బులు రెండు, రోజుకు ఆరు గంటలు వెలిగితే 60 యూనిట్లు కాదు, 60 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లయితేనే మీటర్లో ఒక యూనిట్. మూడు వాట్ల చిన్న బల్బు పది గంటలు ఉంచితే మరో 30. రెండు ఫోన్లకు 20. మొత్తం 110. దీనికి 40 వాట్ల పలక సరిపోతుంది. రోజులో నాలుగు గంటల గట్టి ఎండ చొప్పున లెక్కేసి, వేడికీ తీగల్లోనూ పోయే మూడో వంతు దాకా తీసేసినా ఆమాత్రం వస్తుంది. పదిహేను వాట్ల డీసీ ఫ్యాను ఆరు గంటలు కావాలంటే ఇంకో 90 కలపాలి. అప్పుడు 75 వాట్ల పలక తీసుకోవాలి.

బ్యాటరీ 12 వోల్టులు, 40 ఆంపియర్-అవర్లది అయితే అందులో ఉండేది 480 వాట్-అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కాబట్టి చేతికొచ్చేది 240. అంటే ఫ్యాను ఆపేస్తే, మబ్బు పట్టిన రెండు రోజులు గడిచిపోతాయి. ఇక ఫ్రిజ్, నీళ్ల మోటారు దీనిమీద నడవవు. ఆశ పెట్టుకోవద్దు.

కొబ్బరిమట్ట నీడ చాలు

పలకను దక్షిణం వైపు, 18 నుంచి 20 డిగ్రీల వాలుతో పెట్టాలి. ఉద్దానంలో ఇల్లంటే తోటలోనే కదా! ఒక్క కొబ్బరిమట్ట నీడ ఓ మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పడని చోటు వెతకాలి.

తీగ దగ్గర పిసినారితనం పనికిరాదు. పలక నుంచి పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే, నాలుగు ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం అందులో సగం కూడా ఉండదు. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత పలక, చివర్లో బల్బులు. విప్పేటప్పుడు వరుస తిరగేయాలి. బ్యాటరీ ప్లస్ తీగకు, దగ్గర్లోనే ఫ్యూజు తప్పనిసరి. లెడ్ యాసిడ్ బ్యాటరీని గాలాడేచోట, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఉప్పుగాలికి ఇనుప బోల్టులు తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి వాడితే మన్నుతాయి.

హెచ్చరిక వినగానే

అన్నిటికంటే ముఖ్యం, పలక సులువుగా విప్పుకునేలా ఉండాలి. తుపాను కబురు వినగానే బ్యాటరీ నిండేదాకా ఛార్జ్ చేసుకుని, గాలి ముదరకముందే పలక దించి, ఇంట్లో గోడకు ఆనించి పెట్టుకోవాలి. ఆ రెండు రాత్రులూ బ్యాటరీ చూసుకుంటుంది. ఆకాశం తేటపడ్డాక పలక మళ్లీ పైకెక్కుతుంది. పడిపోయిన స్తంభాలు లేచేదాకా ఆ ఇంట్లో దీపం ఉంటుంది. పక్కింటివాళ్ల ఫోన్లూ అక్కడే నిండుతాయి.