కోడిపిల్లల మేత - మాంసకృత్తుల పాళ్లు



మా చంద్రగిరి సీమలో బ్రాయిలర్ కోళ్ల పెంపకము పెక్కు కుటుంబములకు జీవనాధారము. కోళ్లకు వేళకు మేతయు నీళ్లును అమర్చు భారము తఱచుగా ఇల్లాండ్రదే. పెంపకపు ఖర్చులో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు మేతకే పోవును. కావున అందలి మర్మము మన మెఱుగవలెను.

గ్రుడ్డునుండి వెలువడిన నాడు సుమారు 40 గ్రాములు తూగు పిల్ల, ఆఱు వారములలో రెండు కిలోలకు పైబడును. ఇట్లు కండ పట్టుటకు మాంసకృత్తులే మూలము. అయినను అవి అన్ని వయసులందును ఒకే పాలున నుండరాదు. 2007వ సంవత్సరపు భారతీయ ప్రమాణముల ప్రకారము, మొదటి వారమున నూటికి 23 పాళ్లును, తరువాత మూడవ వారము వఱకు 22 పాళ్లును, అటుపిమ్మట 20 పాళ్లును ఉండవలెను. పసిపిల్ల తినునది స్వల్పము, పెరుగుట అధికము. కనుక దాని ప్రతి ముద్దయు సారవంతము కావలెను. పెద్దదానికి అంత హెచ్చుగా పెట్టినచో ధనము వ్యర్థమగుటయే గాక, రెట్టలు నీరై, ఘాటైన అమ్మోనియా వాయువు పుట్టి కన్నులను ఊపిరితిత్తులను బాధించును. వ్యాపారసంస్థలే మేత పంపు చోట్ల సయితము, ఏ వయసునకు ఏ సంచియో చూచియే విప్పవలెను.

లెక్క కష్టము కాదు. మొక్కజొన్నలో మాంసకృత్తులు నూటికి సుమారు 9, సోయా చెక్కలో 45. మొక్కజొన్న 58 పాళ్లు, సోయా చెక్క 37 పాళ్లు కలిపినచో, మొత్తము మేతలో ఇంచుమించు 22 వచ్చును. మిగిలిన 5 పాళ్లు నూనె, ఖనిజములు, విటమినులు మొదలగునవి.

మన సీమలో విరివిగా దొరకు సెనక్కాయ చెక్కలోను మాంసకృత్తులు మెండు. కాని కండకు ముఖ్యములైన లైసీన్, మిథియోనీన్ అను అంశములు అందు తక్కువ. ఉప్పు కొఱతను పప్పు తీర్చలేదు గదా! కావున దాని నొక్కదానినే నమ్ముకొనరాదు.

అంతకంటె భయంకరమైనది బూజు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించెను. బ్రెజిల్ నుండి తెచ్చిన సెనక్కాయ చెక్కలో బూజువలన పుట్టిన విషమే అందుకు కారణమని పిమ్మట తేలినది. దానికి ఆఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అది కాలేయమును చెఱచును. కొంచెమైనను నిత్యము తగిలినచో పిల్లలు గిడసబాఱి, రోగములకు సులభముగా లొంగును. వండినను అది పూర్తిగా పోదు. కంటికి బూజు కనబడనంత మాత్రమున విషము లేదనుకొనరాదు.

కాన వానకు తడిసిన కాయలను వెంటనే బాగుగా ఎండబెట్టవలెను. మేత సంచులను గోడకు తగులకుండ, బల్లలమీద నుంచవలెను. ముక్కవాసన వచ్చినదానిని పాఱవేయవలెనే గాని, పొదుపని కోళ్లకు వేయరాదు. అట్టి కాయలను బిడ్డలకును పెట్టరాదు. సందేహము కలిగినచో, 1955 నుండి తిరుపతిలో నున్న పశువైద్య కళాశాలవారి సలహా నడుగుటకు సంకోచింపవలదు.

బిడ్డకు వయసెఱిగి అన్నము పెట్టు తల్లికి, కోడిపిల్లకు వయసెఱిగి మేత వేయుట అసాధ్యము కాదు.