ఎలుక కిడ్నీ, 100 రోజులు

ఎలుక కిడ్నీ గ్రాము అటూ ఇటూ తూగుతుంది. పెద్ద చిక్కుడు గింజంత ఉంటుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అలాంటి కిడ్నీలను మైనస్ 150 డిగ్రీల చలిలో, 100 రోజుల వరకు దాచారు. వాటిని మళ్లీ వెచ్చబరిచి ఎలుకలకు అమర్చారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

ఇది ఎంత పెద్ద మాటో ఆసుపత్రుల్లో నడిచే లెక్క చూస్తే తెలుస్తుంది. మనిషి గుండెను మంచులో పెడితే 4 నుంచి 6 గంటలే గడువు. కిడ్నీకైతే 24 నుంచి 36. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో ఓ గుండెను ఎక్కించుకుని నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు 21 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తింది ఆ గడువు కోసమే.

ఆ గంటలైనా కుక్కల మీద పరిశోధనలతో వచ్చినవే. 1967లో బెల్జర్ అనే శస్త్రవైద్యుడు యంత్రంతో ద్రవం పంపుతూ కుక్క కిడ్నీలను 72 గంటలు నిలబెట్టారు. 1969లో కాలిన్స్ అనే మరో పరిశోధకుడికి యంత్రం అక్కర్లేకపోయింది. పొటాషియం ఎక్కువున్న ద్రావణంతో కడిగి మంచులో పెడితే 30 గంటలు ఆగాయి. చలికి కణాల్లోని సోడియం పంపులు మొరాయిస్తాయి, నీరు చొరబడి కణాలు ఉబ్బుతాయి. బయటి ద్రవం కూడా కణం లోపలి ద్రవంలాగే ఉంటే ఆ చొరబాటు తగ్గుతుంది.

మళ్లీ ఎలుకల దగ్గరికి వస్తే, కిడ్నీ తీయడమే ఒక విద్య. ఎలుకకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తారు. మైక్రోస్కోపులో చూస్తూ ధమనిలోకి సన్నని గొట్టం దూర్చి చల్లని ద్రావణం వదులుతారు. ఎర్రటి కిడ్నీ కళ్లముందే పాలిపోతుంది. ఎక్కడైనా ఎర్ర మచ్చ మిగిలిందంటే అక్కడికి ద్రావణం అందలేదన్నమాట.

మైనస్ 150కి దించేటప్పుడు నీరు మంచుపలుకులైతే కణాలు దెబ్బతింటాయి. అందుకే రక్షక రసాయనాలు ఎక్కించి, వేగంగా చల్లార్చి, గాజులా గట్టిపరుస్తారు. అసలు గండం వెచ్చబరచడంలో ఉంది. నెమ్మదిగా చేస్తే మంచుపలుకులు పుడతాయి. పైన వేడెక్కి లోపల చల్లగా ఉంటే అవయవం పగులుతుంది. దీనికి మిన్నెసోటా పరిశోధకులు ముందే రక్తనాళాల నిండా ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు నింపారు. బయటి నుంచి అయస్కాంత క్షేత్రం తగలగానే కిడ్నీ అంతా ఒక్కసారిగా లోపలి నుంచే వేడెక్కింది.

ఆ కిడ్నీలు పొందిన ఎలుకలు 5. ప్రతి విజయ వార్తలోనూ ఈ అంకె చెప్పి తీరాలని నా పట్టుదల, ఎందుకంటే అవి ప్రాణాలు. వాటి సొంత కిడ్నీలు రెండూ తీసేశారు. మొదటి రెండు మూడు వారాలు కొత్త కిడ్నీ తడబడింది. నెల తిరిగేసరికి పూర్తిగా పనిచేసింది.

మనిషి కిడ్నీ సుమారు 150 గ్రాములు. అంత ముద్ద నడిమధ్యకు రసాయనం, చలి, వేడి సమంగా చేరాలి. అందుకే వాళ్లు తర్వాత ఇంకా పెద్దదైన పంది కిడ్నీ వైపు తిరిగారు.