పద్మనాభంలో ఆగిపోయిన రాజు

తగరపువలసలో ఏ కుర్రోణ్ణి అడిగినా బొబ్బిలి యుద్ధం కథ చెప్తాడు. పక్కనున్న పద్మనాభం యుద్ధం ఏటంటే మాత్రం నోరెళ్లబెడతాడు. నేనూ అంతే. ఆ కొండ మెట్లు ఎన్నిసార్లెక్కానో, కింద ఏటయిందో ఎరగను.

ఇనండి. పేష్కస్ బకాయిలు 8.5 లక్షలు కట్టమని కంపెనీ మెడ మీద కూకుంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కట్టలేకపోయాడు. 1793లో కోట పట్టీసుకున్నారు. నెలకి 1200 రూపాయలిస్తాం, మచిలీపట్నం ఎల్లిపొమ్మన్నారు.

ఆయన ఊరైతే వదిలాడు గానీ మచిలీపట్నం ఎల్లలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్యన, పద్మనాభంలో తన మనుషుల్తో ఆగిపోయాడు. 1794 జులై 10 తెల్లారగట్ల కల్నల్ ప్రెండర్‌గాస్ట్ దండు మీద పడింది. గంటైనా పట్టలేదు. రాజు, ఆయన్ని నమ్ముకున్న దొరలు చాలామంది అక్కడే పడిపోయారు.

మరి ఏటి మిగిలింది? కొడుకు నారాయణబాబు కొండల్లోకి ఎల్లిపోయాడు. మన్నెం జమీందార్లు ఆ కుర్రోడి పక్క నిలబడ్డారు. చివరికి కంపెనీయే పిలిచి, కొంత తగ్గించి జమీందారీ తిరిగిచ్చింది. తండ్రి పింఛనుకి ఒప్పీసుకుని ఎల్లిపోయుంటే అంతమంది కొడుకు ఎనక నిలబడేవోరా?

ఈసారి పద్మనాభం ఎల్తే, కొండ దిగాక కాసేపు ఆగండి.